గుండె నడకను కాగితముమీద వ్రాయించిన విలెం ఐంతోవెన్



మన సంఘములలోని పెద్దల పెట్టెలను తెరచి చూచినయెడల బాప్తిస్మపు పత్రము, పొలము పాసుపుస్తకము, పెండ్లినాటి ఫొటో వీటి ప్రక్కను ఒక గులాబిరంగు గళ్ల కాగితము మడతపెట్టబడి కనబడును. దానిమీద నల్లని గీత యొకటి పోవుచుండును. మొదట చిన్న దిబ్బ, దాని వెనుక నగరి ముక్కువలె నిటారుగా లేచిన శిఖరము, ఆ వెనుక గుండ్రని మరియొక దిబ్బ, మరల చదునైన నేల, మరల అదే వరుస. వేలూరులోనో తిరుపతిలోనో తీయించిన ఇ.సి.జి. అది. ఆ గీతను మొట్టమొదట తేటగా వ్రాయించినవాడు విలెం ఐంతోవెన్ అను డచ్చి పండితుడు. వైద్యులలో ఆయన పేరు ఎరుగనివారు లేరు. కాగితమును భద్రముగా దాచుకొన్న మనకు మాత్రము ఆ పేరు తెలియదు. గనుక ఈ నెల ఆయన చరిత్రను వ్రాయుచున్నాను.

ఐంతోవెన్ 1860వ సంవత్సరము మే నెల 21వ తేదీని జావా ద్వీపములోని సెమరాంగ్ అను రేవుపట్టణమున జన్మించెను. ఆ ద్వీపము అప్పుడు డచ్చివారి యేలుబడిలో నుండెను. డచ్చివారు మన ప్రాంతమునకు బొత్తిగా క్రొత్తవారు కారు. వడమాలపేటనుండి తూర్పుగా సముద్రతీరమువరకు పోయినయెడల పులికాటు వచ్చును. అక్కడ వారు 1613లో గెల్డ్రియా అను కోటను కట్టుకొని, ఈ తీరపు నేతగాండ్రు నేసిన గుడ్డలను కొని, ఓడలమీద జావా మొదలగు ద్వీపములకు పంపి, వాటికి మారుగా మిరియములను లవంగములను తీసికొనుచుండిరి. ఐంతోవెన్ పుట్టునాటికి పులికాటు వారి చేతినుండి జారిపోయి యుండెను గాని జావా వారిదిగానే యుండెను.

ఆయన తండ్రి యాకోబు ఐంతోవెన్ మొదట పటాలములో వైద్యుడుగా పని చేసి, తరువాత సెమరాంగ్ పట్టణములో వైద్యుడుగా స్థిరపడెను. విలెం ఆయనకు మూడవ బిడ్డ, మగబిడ్డలలో పెద్దవాడు. పిల్లవానికి ఆరేండ్ల వయస్సున తండ్రి మరణించెను. తల్లి లూయిస్ ఆరుగురు బిడ్డలతో పరదేశమున విధవరాలుగా మిగిలెను. ఆమె నాలుగేండ్లు అక్కడనే నిలిచి, 1870లో బిడ్డలనందరిని ఓడ యెక్కించుకొని, తన వారి దేశమైన హాలెండునకు పోయి, ఉట్రెక్ట్ పట్టణములో కాపురము పెట్టెను. పుస్తకములు వ్రాసినవారు ఈమెనుగూర్చి రెండు పంక్తులకంటె ఎక్కువ వ్రాయలేదు. ఆరుగురు తండ్రిలేని బిడ్డలను సముద్రము దాటించి చదివించిన తల్లికి రెండు పంక్తులు తక్కువయని నా తలంపు.

1878లో విలెం ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయములో వైద్యవిద్యకు చేరెను. తండ్రివలె తానును వైద్యుడు కావలెనని అతని కోరిక. చదువుతోపాటు వ్యాయామమునందు అతనికి మిక్కిలి ఆసక్తి యుండెను. కత్తిసాము చేయుచు, పడవలు నడుపుచు, తోటి విద్యార్థులను కూడ అందులోనికి లాగుచుండెను. ఒకనాడు వ్యాయామము చేయుచుండగా మణికట్టు విరిగెను. మన ప్రాంతములో ఎముక విరిగినవానిని ఎక్కడికి తీసికొని పోవలెనో పసిపిల్లవాడైనను చెప్పును. పుత్తూరు కట్టుకొరకు దూరదేశములనుండి కూడ జనులు వచ్చుచుందురు. హాలెండులో పుత్తూరు లేదు. చేయి కట్టించుకొని కదలలేక కూర్చున్న దినములలో ఆ యువకుడు చేయి ఎట్లు తిరుగుచున్నది, మోచేతి కీలు ఎట్లు పని చేయుచున్నది అను సంగతిని ఆలోచింపసాగెను. ఆ ఆలోచననుండియే మోచేతి కీలునుగూర్చిన ఆయన మొదటి శాస్త్రవ్యాసము పుట్టెను. తనకు తగిలిన దెబ్బను కూడ పాఠముగా చదువుకొను స్వభావము అప్పుడే ఆయనలో కనబడెను.

1885లో ఆయన డాక్టరు పట్టమునకు వ్రాసిన గ్రంథము కంటి చూపునుగూర్చినది. ఎరుపు నీలి రంగులు ఒకే పలకమీద నున్నను ఒకటి ముందుకు, ఒకటి వెనుకకు ఉన్నట్లు ఏల కనబడును అనునది దాని విషయము. ఆ గ్రంథమువలన ఆయనకు పేరు వచ్చి, ఇరువది యయిదేండ్ల వయస్సుననే లైడెన్ విశ్వవిద్యాలయములో శరీరధర్మ శాస్త్రమునకు ఆచార్యుడుగా నియమింపబడెను. 1886లో ఆ పదవిలో ప్రవేశించి, మరణమువరకు నలువదియొక్క సంవత్సరములు అదే స్థలమున నుండెను. ఆ 1886లోనే తన మేనమామల వంశమైన డి వోగెల్ వారి అమ్మాయిని వివాహమాడెను. వారికి ముగ్గురు కుమార్తెలు, ఒక కుమారుడు కలిగిరి.

ఇక ఆయన చేసిన పనిని గ్రహింపవలెనన్న ముందు గుండెనుగూర్చి కొంచెము తెలిసికొనవలెను. నేను చెప్పునది లేఖనములు హృదయమని పిలుచు దానినిగూర్చి కాదు, రొమ్ములో పిడికిలియంత ఉండి రేయింబగళ్లు కొట్టుకొను మాంసపు గుండెకాయనుగూర్చియే. ఆ గుండె ప్రతి సారి ముడుచుకొనుటకు ముందు దాని కుడివైపు పైభాగమున మిక్కిలి చిన్న విద్యుత్తు పుట్టును. అది పై గదులను దాటి, నడుమ క్షణములో కొంత భాగము నిలిచి, క్రింది గదులకు దిగును. అది పోయిన త్రోవను గుండె కండరము ముడుచుకొనును. మన శరీరమంతయు ఉప్పునీటితో నిండినది గనుక ఆ విద్యుత్తులో అత్యల్ప భాగము చర్మమువరకు వచ్చును. ఎంత అల్పమనగా, చర్మముమీద దొరకునది సుమారు ఒక వోల్టులో వెయ్యవ వంతు మాత్రమే. మనము రాత్రి మడికి పోవునప్పుడు టార్చిలైటులో వేయు బ్యాటరీ ఒక్కటి ఒకటిన్నర వోల్టు. ఆ బ్యాటరీ బలములో పదునైదు వందలవ వంతును పట్టుకొని, అది క్షణక్షణము పెరుగుట తరుగుటలను వ్రాయవలెను. పని అంత కష్టము.

దీనిని మొదట ప్రయత్నించినవాడు ఐంతోవెన్ కాడు. లండనులో అగస్టస్ వాలర్ అను పండితుడు 1887లోనే మనుష్యుని గుండె విద్యుత్తును శరీరముపైనుండి పట్టి చూపెను. వాలర్‌కు జిమ్మీ అను బుల్‌డాగ్ కుక్క యుండెను. దాని కాళ్లను ఉప్పునీటి గిన్నెలలో నిలువబెట్టి దాని గుండె విద్యుత్తును పండితుల సభలలో చూపుచుండెను. కుక్కను హింసించుచున్నారని 1909లో బ్రిటిషు పార్లమెంటులో ప్రశ్న కూడ వచ్చెను. కుక్క ఉప్పునీటిలో కాళ్లు పెట్టి నిలుచుటయే గాని దానికి ఏ బాధయు లేదని మంత్రిగారు జవాబు చెప్పవలసి వచ్చెను. అయితే ఈ ప్రయోగము ఆస్పత్రులలో విస్తారముగా ఉపయోగపడునని వాలర్ మొదట తలంపలేదు. 1889లో స్విట్జర్లాండులోని బాసెల్ పట్టణమున జరిగిన శరీరధర్మ శాస్త్రజ్ఞుల సభలో ఐంతోవెన్ వాలర్ ప్రయోగమును కన్నులార చూచెను. చూచినది విడిచిపెట్టలేదు.

వాలర్ వాడిన సాధనము సన్నని గాజుగొట్టములో పాదరసమును పోసి చేసినది. విద్యుత్తు తగిలినప్పుడు పాదరసము కొంచెము కదలును. కాని పాదరసము బరువైనది, సోమరియైనది. గుండె విద్యుత్తు లేచి పడిన తరువాత ఎప్పుడో అది లేచి పడును. అందుచేత వచ్చిన గీత నిజమైన గీత కాదు. ఐంతోవెన్ ఆ గీతను తీసికొని, పాదరసము ఎంత ఆలస్యము చేసెనో గణితముచేత లెక్కకట్టి, అసలు గీత ఎట్లుండవలెనో కాగితముమీద దిద్దెను. ఒక్కొక్క గుండె కొట్టుడుకు ఎంతో లెక్క. పైగా ఆయన ప్రయోగశాల ఉన్న పాతభవనము ప్రక్కను బండ్లు పోయినప్పుడెల్ల నేల అదరి పాదరసము వణకుచుండెననియు, ఆయన నేలను లోతుగా త్రవ్వించి బండరాళ్లతో నింపించినను ఆ వణకు పూర్తిగా ఆగలేదనియు చెప్పుదురు.

ఆ లెక్కలలోనుండియే 1895లో ఆయన గీతలోని దిబ్బలకు శిఖరములకు పేర్లు పెట్టెను. ఇంగ్లీషు అక్షరమాల నడుమనుండి పి, క్యు, ఆర్, ఎస్, టి అను అయిదు అక్షరములను తీసికొనెను. మొదటి అక్షరములనుండి ఏల మొదలుపెట్టలేదు అని అడిగినయెడల, రేఖాగణితములో బిందువులకు ఆ నడిమి అక్షరములను పెట్టు పాత అలవాటునే ఆయన అనుసరించెనని పండితుల ఊహ. పి అనునది గుండె పై గదుల దిబ్బ. నగరి ముక్కువంటిది ఆర్. చివరి గుండ్రని దిబ్బ టి. నేటికి నూట ముప్పది సంవత్సరములైనను ఏ దేశపు వైద్యుడును వాటికి వేరు పేరు పెట్టలేదు.

లెక్కకట్టి దిద్దిన గీతతో ఆయనకు తృప్తి కలుగలేదు. రోగి మంచముమీద పడియుండగా వైద్యుడు గణితము చేయుచు కూర్చుండునా? లెక్క అక్కరలేకుండ సాధనము తానే సత్యమును వ్రాయవలెను. ఇందుకు కదలునది పాదరసమువలె బరువైనది కాక, బరువే లేనట్టిదిగా ఉండవలెను. అట్టిదానిని ఆయన ఎట్లు సంపాదించెనో వినుడి, ఈ చరిత్ర అంతటిలో నాకు మిక్కిలి ప్రియమైన భాగము ఇదియే.

స్ఫటికపు రాయిని మిక్కిలి వేడిమిలో కరగించి, ఆ కరగిన ముద్దను బాణము తోకకు అంటించి, విల్లు ఎక్కుపెట్టి గది ఈ చివరనుండి ఆ చివరకు బాణమును విడిచెను. బాణము పోవుచుండగా దాని వెనుక స్ఫటికము సాలెపురుగు దారమువలె సాగి, గాలిలోనే గట్టిపడెను. ఈ ఉపాయమును చార్లెస్ బాయ్స్ అను ఇంగ్లీషువాడు అంతకుముందే కనిపెట్టి యుండెను. ఆ దారము మందము ఒక మిల్లీమీటరులో వేయి భాగములు చేసినయెడల రెండు మూడు భాగములు మాత్రమే. మన తల వెండ్రుకను నిలువుగా ఇరువది ముప్పది పాయలుగా చీల్చినయెడల ఒక పాయకు అంత సన్నము కలుగును. విద్యుత్తు పోవుటకు ఆ దారముమీద వెండి పూత పూసి, బలమైన విద్యుదయస్కాంతము రెండు ధ్రువముల నడుమ దానిని నిలువుగా బిగించెను. రోగి రెండు చేతులను, ఎడమ పాదమును ఉప్పునీటి కుండలలో పెట్టుకొని కూర్చుండును. ఆ కుండలనుండి తీగెలు దారమునకు వచ్చును. గుండె విద్యుత్తు దారములో పారినప్పుడు దారము పక్కకు వంగును. ఆ వంపు కంటికి కనబడునది కాదు. అందుచేత అయస్కాంతమునకు రంధ్రము తొలిపించి, ఒకవైపునుండి గొప్ప దీపపు వెలుగును పంపి, రెండవవైపున సూక్ష్మదర్శినిచేత ఆ దారము నీడను వందల రెట్లు పెద్దదిగా చేసి, కదలుచున్న ఫొటో పలకమీద పడనిచ్చెను. నీడ కదలిన త్రోవయే గీత.

ఈ యంత్రమునుగూర్చి ఆయన 1901లో మొదట ప్రకటించెను. 1902లోను 1903లోను దానితో తీసిన గుండె గీతలను లోకమునకు చూపెను. గణితముచేత దిద్ది ఊహించిన గీతయు, యంత్రము స్వయముగా వ్రాసిన గీతయు సరిపోయెను. ఏడెనిమిది యేండ్లు లెక్కలతో కష్టపడినవానికి ఆ పలకను చూచిన దినమున కలిగిన సంతోషము మనము ఊహింపదగినదే. ఆ 1902లోనే మన పొరుగున వేలూరులో ఐడా స్కడర్ దొరసానిగారు స్త్రీలకొరకు షెల్ ఆస్పత్రిని తెరచిరి. ఆ దినములలో ఎక్కడనైనను గుండెను పరీక్షించుట ముఖ్యముగా వ్రేలితో నాడి పట్టుటవలనను, గొట్టముతో వినుటవలనను జరుగుచుండెను.

యంత్రము దాదాపు 270 కిలోల బరువు. రెండు గదులు నిండెను. అయస్కాంతము కాగిపోకుండ నీళ్లు పారించుచుండవలెను. దానిని నడుపుటకు అయిదుగురు కావలెను. ఒక్క దారము తెగినచో మరల విల్లు, మరల బాణము. చూచినవారిలో కొందరు ఇది పండితుని ఆటవస్తువే గాని రోగికి ఏమి మేలు అని తలంచియుందురు. రోగిని యంత్రమునొద్దకు తెచ్చుట ఎట్లు? ఆస్పత్రి ప్రయోగశాలకు ఒకటిన్నర కిలోమీటరు దూరమున నుండెను. యంత్రమును ఆస్పత్రికి తీసికొని పోవుటయు సాధ్యము కాదు. రొమ్ము నొప్పితో ఎగశ్వాసలో నున్నవానిని మోసికొని వచ్చుటయు న్యాయము కాదు. అప్పుడు ఐంతోవెన్ రోగిని కదలింపక, యంత్రమును కదలింపక, గుండె విద్యుత్తునే టెలిఫోను తీగెమీద రప్పించెను. 1905 మార్చి నెలలో ఇది మొదట నెరవేరెను. మొదట ఆస్పత్రిలో కూర్చుండినవాడు రోగి కాడు, ఆరోగ్యవంతుడైన మనుష్యుడు. అతని గీతలో ఆర్ శిఖరము మిక్కిలి ఎత్తుగా వచ్చెను. అతడు ప్రయోగశాలనుండి ఆస్పత్రికి సైకిలు త్రొక్కుకొని వచ్చియుండుటే దానికి కారణమని చెప్పుకొనిరి. ఇప్పుడు చిన్న ఆస్పత్రిలో తీసిన ఇ.సి.జి.ని ఫోనులో పంపి పట్టణములోని గుండె వైద్యుడు అప్పటికప్పుడే చదువుచున్నాడు గదా, ఆ త్రోవను మొదట వేసినది ఆ టెలిఫోను తీగెయే.

ఇంకొక సంగతి. యంత్రము ఎవరు ఎక్కడ చేసినను గీతలను పోల్చి చూచుటకు వీలుండవలెనని ఆయన ఒక కొలతను ఏర్పరచెను. అడ్డముగా ఒక మిల్లీమీటరు గడి క్షణములో నూరింట నాలుగు వంతులు. నిలువుగా పది మిల్లీమీటరులు వోల్టులో వెయ్యవ వంతు. మీ పెట్టెలోని కాగితమును తీసి చూడుడి, ఆ చిన్న గడి నేటికిని అంతే. సెమరాంగ్‌లో తీసినను, పుత్తూరులో తీసినను ఒకే కొలత. ఈ కారణముచేత పాత కాగితమును పారవేయరాదు. క్రొత్తగా నొప్పి వచ్చినప్పుడు వైద్యుడు పాతదానిని క్రొత్తదాని ప్రక్కను పెట్టి, ఈ మార్పు ముందునుండి ఉన్నదా, నేడే వచ్చినదా అని చూచును. ఒక్క చూపుతో తేలవలసినది పాత కాగితము లేనందున గంటలు పట్టుట కలదు.

యంత్రము మంచిదని తెలిసిన తరువాత చేయువారు ముందుకు వచ్చిరి. మ్యూనిక్ నగరములోని ఎడెల్మన్ కంపెనీ మొదట చేసి, అమ్మిన ప్రతిదానికి ఐంతోవెన్‌కు కొంత సొమ్ము ఇచ్చుచుండెను. కొంత కాలమునకు ఆ సొమ్మును నిలిపివేసెను. సముద్రపు అడుగున పోవు తంతి వార్తలను అందుకొనుటకు క్లెమాన్ ఆడేర్ అను ఫ్రెంచివాడు 1897లోనే తీగెతో అట్టి సాధనమును చేసియుండెననుట నిజమే. ఐంతోవెన్ కూడ తన వ్రాతలో ఆయన పేరు చెప్పెను. అయితే తంతి వార్తకు చాలిన సాధనము గుండెకు చాలదు, దానికంటె ఎన్నో రెట్లు సూక్ష్మమైనది కావలెను. ఐంతోవెన్ ఇంగ్లాండులోని కేంబ్రిడ్జి సైంటిఫిక్ ఇన్‌స్ట్రుమెంట్ కంపెనీవారితో కలిసి పని చేయసాగెను. దానిని నడుపుచుండినవాడు చార్లెస్ డార్విన్ కుమారుడైన హొరేస్ డార్విన్. వారు యంత్రమును చిన్నదిగా చేసి, 1911నాటికి బల్లమీద పెట్టదగినదానిగా చేసిరి.

లండనులో థామస్ లూయిస్ అను యువ వైద్యుడు ఆ యంత్రమును తీసికొని రోగుల ప్రక్కను కూర్చుండి, నాడి తప్పుటలో ఏది ఏ జబ్బువలన కలుగునో వరుసగా తేల్చుచు వచ్చెను. నాడి బొత్తిగా క్రమము తప్పి పరుగెత్తుటకు పై గదుల వణకు కారణమని 1909లో ఆయన స్పష్టము చేసెను. ఐంతోవెన్ యంత్రము చేసెను, లూయిస్ దానికి వైద్యమును నేర్పెను అనిన తప్పు కాదు. ఇద్దరికి స్నేహము కుదిరెను. కుడి చేయి, ఎడమ చేయి, ఎడమ కాలు ఈ మూడు చోట్ల నడుమ గుండె ఉన్నట్లు త్రికోణమును గీచి, మూడు వైపులనుండి చూచిన గీతలనుండి గుండె విద్యుత్తు ఎటువైపు పోవుచున్నదో కనుగొనవచ్చునని ఐంతోవెన్ చూపెను. దానిని నేటికిని ఐంతోవెన్ త్రికోణమనియే పిలుతురు. ఆయన తరువాత అమెరికాలో ఫ్రాంక్ విల్సన్ మొదలైనవారు రొమ్ముమీద కూడ తీగెలు పెట్టిరి. అందుచేతనే ఇప్పుడు చేతులకు కాళ్లకు నాలుగు, రొమ్ముకు ఆరు, మొత్తము పది తీగెలు తగిలింతురు. ఉప్పునీటి కుండలకు బదులుగా జిగురు పూసి పట్టుకారులు పెట్టుచున్నారు.

ఐంతోవెన్ చేసినది ఒక్కసారి తీసి చూచుకొను గీత. రోగిని రేయింబగళ్లు కావలి కాయుట ఆయన తరువాతి వారి పని. అమెరికాలో నార్మన్ హోల్టర్ అనునాయన 1940ల చివర సుమారు 38 కిలోల రేడియో యంత్రమును వీపుమీద మోయుచు, తిరుగుచున్న మనుష్యుని గుండె గీతను తీసెను. ఇప్పుడు అది చొక్కా జేబులో పట్టుచున్నది, దానిని ఆయన పేరుననే హోల్టర్ అందురు. 1962లో కాన్సస్ సిటీ నగరమున బేతనియ అను పేరుగల ఆస్పత్రిలో హ్యూస్ డే అను వైద్యుడు గుండె జబ్బువారినందరిని ఒక్కచోట చేర్చి, ప్రతి మంచమునొద్ద తెరమీద గీత నడుచునట్లును, గీత చెడినయెడల గంట మ్రోగునట్లును చేసి, దాది వెంటనే పరుగెత్తి వచ్చు ఏర్పాటు చేసెను. రక్తములోని ప్రాణవాయువును వ్రేలికి తగిలించి చూపు సాధనమునకు మూలమును 1974లో జపానుదేశస్థుడు టకువో అవోయాగి ప్రకటించెను. కరోనా దినములలో మన వీధులలో చేతినుండి చేతికి తిరిగిన చిన్న పెట్టె అదే. ఆ వ్యాధి లోకమును చుట్టుకొనుచుండిన 2020 ఏప్రిలులోనే ఆయన మరణించెను.

ఇట్టి తెర ప్రక్కను మనవారు కూర్చుండుట నేను అనేక పర్యాయములు చూచితిని. రోగి ముఖము చూడరు, తెరనే చూతురు. గీత చదునైన క్షణమున గుండె పగిలి కేక వేయుదురు. దాది వచ్చి రొమ్ముమీద ఊడిన తీగెను తిరిగి అంటించిన తరువాత గీత మరల లేచును. తీగె ఊడినను గంట మ్రోగును, రోగి ప్రక్కకు తిరిగినను మ్రోగును. గంట మ్రోగినప్పుడు దాదిని పిలువవలసినదే గాని, తెరను చూచి మనమే తీర్పు చెప్పుకొనరాదు. ఇంకొకటి కూడ చెప్పవలసియున్నది. మామూలుగా తీయు ఇ.సి.జి. కొన్ని క్షణముల గుండె నడకను మాత్రమే చూపును. ఉదయమున తీసినది బాగున్నదని, సాయంకాలము రొమ్ము బరువెక్కి, చెమటలు పట్టి, ఎడమ చేతికో దవడకో నొప్పి పాకినను ఇది వాయువేయని సోడా త్రాగి పడుకొనువారు మన పల్లెలలో నున్నారు. చక్కెర జబ్బు కలవారికి నొప్పి అంతగా తెలియకపోవుటయు కలదు. అట్టివారికి మరల గీత తీయింపవలెను, 108 బండిని పిలువవలెను.

1924వ సంవత్సరపు వైద్యశాస్త్ర నోబెల్ బహుమానము ఐంతోవెన్‌కు వచ్చెను. ఆ వార్త వచ్చునప్పటికి ఆయన ఉపన్యాసములు చేయుచు అమెరికాలో సంచరించుచుండెను. 1925 డిసెంబరు నెలలో ఆయన చేసిన నోబెల్ ఉపన్యాసములో, గుండె జబ్బుల శాస్త్రమున ఈ క్రొత్త భాగము ఒక్క మనుష్యుని పనివలన తెరవబడినది కాదనియు, అనేక దేశముల పండితుల పనివలన కలిగినదనియు చెప్పి, లూయిస్ పనిని ప్రత్యేకముగా కొనియాడెను.

సభలో ఇట్లు చెప్పువారు అనేకులు కలరు. ఆ బహుమానపు సొమ్మునుగూర్చి చెప్పుకొను సంగతి వేరు. యంత్రము చేయు సంవత్సరములలో ఐంతోవెన్ ప్రక్కను వాన్ డెర్ వూర్డ్ అను పనివాడు ఉండెను. చేతి నైపుణ్యమంతయు అతనిది. అయస్కాంతమును మలచుట, దారమును బిగించుట, తెగిన చోట మరల మొదలుపెట్టుట అతని పని. అతని పేరు యంత్రముమీద లేదు, బహుమాన పత్రముమీదను లేదు. సొమ్ము చేతికి వచ్చినప్పుడు ఐంతోవెన్ అతనిని వెదకించెననియు, అతడు అప్పటికే మృతుడై యుండెననియు, అతని అక్కచెల్లెండ్రు ఇద్దరు బీదరికములో నున్నారని తెలిసికొని తానే పోయి వారిని కనుగొని, వచ్చిన సొమ్ములో సగమును వారికి ఇచ్చెననియు ఆయన చరిత్రను వ్రాసినవారు చెప్పుచున్నారు. మొత్తము సుమారు 40 వేల డాలర్లు. కూలిలో నాలుగణాలు తగ్గించుటకు గంటసేపు వాదించు మనకు ఈ లెక్క కొంచెము వింతగా తోచవచ్చును.

చివరి సంవత్సరములలో ఆయన తన కుమారుడైన విలెం ఫ్రెడెరిక్‌తో కలిసి పని చేసెను. ఆ కుమారుడు విద్యుత్తు ఇంజనీరు. గుండెకొరకు చేసిన దారమునే ఇంకను సన్నముగా చేసి, గాలి తీసివేసిన పెట్టెలో బిగించి, జావానుండి హాలెండునకు సముద్రములమీదుగా వచ్చు రేడియో వార్తలను దానిచేత పట్టుకొనిరి. తండ్రి లేని పిల్లవాడుగా విడిచివచ్చిన ద్వీపపు మాట ముసలితనమున ఆయన తన దారముమీదనే అందుకొనెను. కుమారుడు తరువాత జావాకు పోయి రేడియో పనిలో నుండి, రెండవ ప్రపంచయుద్ధములో జపానువారి చేతికి చిక్కి, 1945లో చెరలోనే మరణించెను.

ఐంతోవెన్ బహుకాలము వ్యాధితో బాధపడి, 1927 సెప్టెంబరు 29వ తేదీని అరువది యేడవ యేట మరణించెను. ఆయనను లైడెన్ ప్రక్కనున్న ఉఖ్‌స్ట్‌గేస్ట్ అను ఊరిలో, రిఫార్మ్‌డ్ సంఘపు చిన్న దేవాలయము ఆవరణమున పాతిపెట్టిరి. ఆ సమాధి నేటికిని అక్కడ కలదు.